కక్షిదారుతో మాట, కోర్టులో తీరు, ఆఫీసులో క్రమం: జిల్లా న్యాయవాదులకు మార్గదర్శి

న్యాయవాద వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి చట్టం నేర్పడానికి కళాశాలలున్నాయి, దావా రాయడం నేర్పడానికి సీనియర్లున్నారు. ఎదుట కూర్చున్న మనిషి చెప్పేది ఎలా వినాలి, అతనికి చేదు మాట ఎలా చెప్పాలి, ఫీజు సంగతి ఎప్పుడు ఎత్తాలి, సాక్షిని బోనెక్కించే ముందు ఏం చెప్పి పంపాలి అన్నవి మాత్రం ఎవరికి వారు చూసి నేర్చుకోవలసినవిగానే మిగిలిపోయాయి. పెద్ద నగరాల లా ఫర్ములు వీటిని సాఫ్ట్ స్కిల్స్ అని పిలిచి శిక్షణ తరగతులు పెట్టుకుంటాయి. నెల్లూరు, ఒంగోలు, కావలి, కనిగిరి వంటి చోట్ల ఫర్ము అంటే ఒక సీనియరు, ఇద్దరో ముగ్గురో జూనియర్లు, ఒక గుమస్తా, ఒక టైపిస్టు ఉన్న ఆఫీసే. ఈ వ్యాసం ఆ ఆఫీసును దృష్టిలో పెట్టుకొని రాసినది.

వాగ్ధాటి గురించి ఇందులో పెద్దగా చెప్పడం లేదు. బారిస్టరు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లాలో వాగ్ధాటికి గౌరవం ఉండడం సహజమే గాని, జిల్లా కోర్టుల్లో దావాలు ఎక్కువగా కాగితాల మీద, తేదీల మీద, సాక్షి నోటి నుంచి వచ్చిన ఒకటి రెండు వాక్యాల మీద తేలుతాయి. ఆ కాగితాలూ తేదీలూ మన చేతికి రావాలంటే ముందు కక్షిదారు నోరు విప్పాలి, అతడు విప్పేదాకా మనం ఓపిక పట్టాలి.

మొదటి సమావేశం

మొదటిసారి వచ్చిన కక్షిదారు తన కథను తేదీల వరుసలో చెప్పడు. కయ్య (పొలం మడి) గట్టు తగాదా గురించి వచ్చినవాడు తమ్ముడి పెళ్లినాడు జరిగిన అవమానంతో మొదలుపెడతాడు, ప్రోనోటు గురించి వచ్చినవాడు అప్పు ఇవ్వడానికి తనకెంత మంచి మనసుందో చెబుతాడు. చట్టం తెలిసిన చెవికి ఇదంతా వృథా ప్రసంగంలా వినిపిస్తుంది కాబట్టి, "అసలు సంగతికి రండి" అనే మాట నాలుక చివరికి వస్తుంది. ఆ మాట అనకుండా మొదటి పది పదిహేను నిమిషాలు అడ్డు తగలకుండా వినండి. ఆ సమయంలో ఫోను చేతిలోకి తీసుకోకండి, మరొక కేసు కాగితాల మీద సంతకాలు పెట్టకండి. మనిషి తన బాధ ఒకసారి పూర్తిగా చెప్పుకున్న తరువాతనే మీ ప్రశ్నలకు సూటిగా జవాబులిస్తాడు. పైగా తగాదా అసలు మూలం ఆ పెళ్లినాటి అవమానంలోనే ఉంటే, రేపు రాజీ ప్రయత్నం ఎందుకు చెడుతుందో మీకు ఈ రోజే తెలిసిపోతుంది.

విన్న తరువాత అడగడం మొదలవుతుంది. ఇక్కడ ఓర్పుతోబాటు చట్టజ్ఞానం కూడా కావాలి, ఎందుకంటే కక్షిదారు చెప్పనివాటిలోనే గెలుపోటములు దాగి ఉంటాయి. ప్రోనోటు దావాకు గడువు మూడేళ్లని ఊళ్లో అందరికీ తెలుసు. అయితే మధ్యలో కొంత సొమ్ము ముట్టిందా, ముట్టితే నోటు వెనుక చెల్లు రాయించారా, ఆ చెల్లు మీద ఉన్నది బాకీదారు చేతిరాతో సంతకమో, లేక సొమ్ము తీసుకున్న మీ కక్షిదారే తన చేత్తో రాసుకున్నాడా అన్నది మీరు అడిగితే గాని బయటికి రాదు. గడువు దాటకముందు బాకీదారు తాను రాసో సంతకం చేసో ఇచ్చిన చెల్లు అయితేనే గడువు మళ్లీ మొదలవుతుంది. రొయ్యల గుంటలు వేసి, మేత డీలరుకు చెక్కులు ఇచ్చి చిక్కుకున్న రైతు వచ్చినప్పుడు, లేదా అవే చెక్కులు పట్టుకొని డీలరే వచ్చినప్పుడు, చెక్కు తేదీ కన్నా ముందు అడగవలసినది బ్యాంకు నుంచి వాపసు సమాచారం అందిన తేదీ. ఆనాటి నుంచి 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, నోటీసు అందిన తరువాత 15 రోజులు ఆగాలి, ఆపైన ఒక నెలలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. కక్షిదారు మొహమాటంతోనో, అవతలివాడు ఇస్తానన్నాడన్న ఆశతోనో ఆ తేదీని అస్పష్టంగా చెబితే, బ్యాంకు మెమో చూసేదాకా నమ్మకండి. అనుమానిస్తున్నట్టు కనిపించకుండా ఆ మెమో అడగడం ఒక నేర్పు. "కోర్టు ముందు ఇదే అడుగుతుందండి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఆస్తి పంపకం దావాల్లో ఈ నేర్పు మరింత అవసరం. తండ్రి ఆస్తిలో వాటా అడగడానికి వచ్చిన ఆడబిడ్డ సగం మాటలు కన్నీళ్లలో కలిపేస్తుంది. అన్నదమ్ములు ఎప్పుడో పంచుకున్నారని ఆమె ఒక్క మాటలో దాటేసిన చోటనే మీరు ఆగి, ఆ పారీఖత్తు (పంపకం) రిజిస్టరయిందా, నోటిమాటగా జరిగిందా, ఏ సంవత్సరంలో జరిగిందని మెల్లగా అడగాలి. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాన్ని, కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ కదిలించదు. నోటిమాట పంపకాన్ని మాత్రం చాలా అరుదైన సందర్భాల్లో, ప్రభుత్వ రికార్డుల బలం ఉంటేనే ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో చెప్పింది. ఆమెకు ఈ తేదీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి మళ్లీ అదే ప్రశ్న అడగవలసిన అవసరం మనది.

వెంట వచ్చే పెద్దమనిషి గురించి ఒక మాట. మన జిల్లాల్లో కక్షిదారు ఒంటరిగా రావడం తక్కువ. ఊరి నాయకుడో, బావమరిదో, అప్పు ఇప్పించిన మధ్యవర్తో తోడు వస్తాడు, మాట్లాడేదంతా ఆయనే, కక్షిదారు తల ఊపుతూ కూర్చుంటాడు. తీసుకువచ్చినందుకు ఆయనకు తగిన గౌరవం ఇవ్వండి, టీ తెప్పించండి, కాని సంతకాలకు ముందు కక్షిదారుతో ఒంటరిగా కొంతసేపు మాట్లాడకుండా వకాల్తా తీసుకోకండి. ఆడవారు వచ్చినప్పుడు, ముఖ్యంగా మనోవర్తి, గృహహింస కేసుల్లో, ఆఫీసులో మహిళా జూనియరు ఉంటే ఆమెను కూర్చోబెట్టండి. వరండాలో పదిమంది వింటుండగా ఏ స్త్రీ కూడా జరిగినదంతా చెప్పదు. కక్షిదారు న్యాయవాదికి చెప్పిన రహస్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను రక్షణ ఇస్తుంది, ఆ కట్టుబాటు గుమస్తాలకూ ఉద్యోగులకూ కూడా వర్తిస్తుంది. ఈ మాట కక్షిదారుకు మొదటే చెబితే సగం భయం పోతుంది. గుమస్తాకు చెప్పడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే కోర్టు ఎదుటి టీ కొట్టు దగ్గర కేసుల కబుర్లు ఎలా పుడతాయో మనందరికీ తెలిసినదే.

ఇటుక బట్టీల్లోనో గుంటల దగ్గర కాపలాకో అడ్వాన్సు తీసుకొని చిక్కుకున్న యానాది కుటుంబం వచ్చినప్పుడు, వారు మీరన్న ప్రతి మాటకూ అవునంటారు. దాన్ని అంగీకారంగా తీసుకోకండి. ఎదుటివాడు కుర్చీలో కూర్చున్నవాడైతే అవుననడమే క్షేమమని బ్రతుకు వారికి నేర్పింది. కుర్చీ చూపించి కూర్చోమనండి, "మీరు" అనండి, మీరు చెప్పినది వారి మాటల్లో తిరిగి చెప్పమనండి. షెడ్యూల్డు తెగలవారికి, షెడ్యూల్డు కులాలవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఉంది. ఫీజు ఇచ్చుకోలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి, 15100 నంబరు చెప్పి పంపడం కూడా వృత్తిలో భాగమే.

చేదు నిజం, ఫీజు

"గెలుస్తామా సార్?" అన్న ప్రశ్నకు "తప్పకుండా" అనే జవాబు వకాల్తా తెస్తుంది, తరువాత ఫిర్యాదునూ అదే తెస్తుంది. బలాలు, బలహీనతలు, పట్టగల కాలం, కాగల ఖర్చు అన్నీ మొదటి వారంలోనే తెలుగులో ఒక పేజీ మీద రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి అతని చేతికి, సంతకం చేసిన ప్రతి ఫైలులోకి చేర్చడం మంచి అలవాటు. ఇది మొదట్లో కొందరు కక్షిదారులను భయపెట్టి మరొక ఆఫీసుకు పంపుతుంది, నిజమే. అటువంటి కేసులు పోవడం నష్టమని నేను అనుకోను.

ఫీజు గురించి మాట్లాడడానికి సిగ్గుపడేవారే తరువాత దాని గురించి గొడవపడతారు. ఫీజు ఎంత, ఏ దశలో ఎంత, కోర్టు ఫీజు, బత్తా, కమిషనరు ఖర్చు, నకళ్ల ఖర్చు వేరా కలిపా అన్నది రాసుకోండి, తీసుకున్న ప్రతి సొమ్ముకూ రసీదు ఇవ్వండి. గెలిచిన సొమ్ములో వాటా అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. ప్రమాద పరిహారం కేసు తెచ్చిన మధ్యవర్తి, కొన్నిసార్లు కక్షిదారే, ఆ ప్రస్తావన తెచ్చినప్పుడు నొప్పించకుండా, తడబడకుండా కుదరదని చెప్పడం రావాలి. ఫీజు బాకీ ఉందని ఫైలు అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది కాబట్టి, బాకీ వసూలుకు మిగిలినది ముందుగా స్పష్టంగా మాట్లాడుకున్న మాటే.

వాయిదాకూ వాయిదాకూ మధ్య

కక్షిదారుకు కోపం వచ్చేది కేసు ఓడినప్పుడు కన్నా, కేసు ఏమైందో తెలియనప్పుడే అని నా అభిప్రాయం. సాయంత్రం ఆఫీసు మూసేలోపు, ఆ రోజు పిలిచిన ప్రతి కేసు గురించి కక్షిదారుకు మూడు సంగతులు తెలియాలి: ఈ రోజు ఏం జరిగింది, మళ్లీ వాయిదా ఎప్పుడు, అప్పటికి అతడు చేయవలసినది ఏమిటి. జడ్జి గారు సెలవులో ఉన్నా, ఏమీ జరగకపోయినా ఆ మాటే చెప్పండి. చదువు రానివారికి వాట్సాప్‌లో తెలుగులో అర నిమిషం మాట రికార్డు చేసి పంపితే చాలు. ఈ పని జూనియరుకు అప్పగించవచ్చు, కాని ఎవరు పంపారో ఫైలు పై అట్ట మీద రాసే పద్ధతి ఉండాలి.

ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే కేసు స్థితి ఎవరికైనా కనిపిస్తుంది. తండ్రి పొదిలిలో ఉంటాడు, కొడుకు బెంగళూరులో కూర్చొని రోజూ ఆ యాప్ చూస్తాడు. హాజరు కాలేదని దావా కొట్టివేశారన్న వార్త మనకన్నా ముందు ఆ కొడుక్కు తెలిసిందంటే, ఆ తరువాత మీరిచ్చే సంజాయిషీ ఎంత నిజమైనా అబద్ధంలా వినిపిస్తుంది. అటువంటిది జరిగిన రోజునే మీరే ఫోను చేసి, ఏం జరిగిందో దాచకుండా చెప్పి, పునరుద్ధరణ పిటిషనుకు 30 రోజుల గడువుందని, ఎప్పుడు వేస్తారో కూడా చెప్పండి.

రావలసిన అవసరం లేని వాయిదాకు కక్షిదారును రప్పించకండి. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో రావడమంటే అతనికి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, హోటలు భోజనం. ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా కూర్చొని, "ఈ రోజు లేదు, పోండి" అని గుమస్తా నోట విన్నవాడు మీ గురించి ఊళ్లో ఏం చెబుతాడో ఊహించుకోవచ్చు. నియమాల ప్రకారం న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోకూడదు, ఈ మధ్య కొందరు చేస్తున్న రీల్స్ కూడా ఆ హద్దు దాటేవే. అందుచేత ఊరి రచ్చబండ దగ్గర అతడు చెప్పే మాటే మీకు ఉన్న ప్రచారం.

ఆఫీసులో జూనియర్లతో మీరు మాట్లాడే తీరే వారు కక్షిదారులతో మాట్లాడే తీరవుతుంది. తప్పు చేసిన జూనియరును కక్షిదారు ఎదుట మందలిస్తే, మరునాటి నుంచి ఆ కక్షిదారు జూనియరు చెప్పే ఏ మాటనూ నమ్మడు, ప్రతి చిన్నదానికీ మీకే ఫోను చేస్తాడు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫారసు చేసింది. అది ఆదేశం కాకపోవడం మనలో చాలామందికి ఊరట కలిగించింది గాని, ఏమీ ఇవ్వని చోట మర్యాద పాఠాలు చెప్పడం కష్టమే.

సాక్షిని సిద్ధం చేయడం

2002 నుంచి సివిలు దావాల్లో చీఫ్ ఎగ్జామినేషన్, అంటే సాక్షి తనను పిలిచిన పక్షం తరఫున మొదట చెప్పే సాక్ష్యం, అఫిడవిట్ రూపంలో దాఖలవుతోంది. చాలా ఆఫీసుల్లో అది ఇంగ్లీషులో తయారవుతుంది, కక్షిదారు చూపించిన చోట సంతకం చేస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి న్యాయవాది మొదటి ప్రశ్న, "ఈ అఫిడవిట్‌లో ఏం రాశారో మీకు తెలుసా?" "తెలియదండి, లాయరు గారు రాసి పెట్టమంటే పెట్టాను" అన్న జవాబు నిజాయితీగా చెప్పిన నిజమే కావచ్చు, కాని నెలల తరబడి కట్టిన కేసు ఆ వాక్యంతో బీటలు వారుతుంది. ఈ ఒక్క నష్టాన్ని తప్పించడానికి అఫిడవిట్‌ను సంతకానికి ముందు పేరా పేరాగా తెలుగులో చదివి వినిపించి, ప్రతి పేరా చివర "ఇది ఇలాగే జరిగిందా?" అని అడగండి. మార్చమంటే విసుక్కోకుండా మార్చండి. వాయిదాకు ముందురోజు మళ్లీ ఒకసారి వినిపించండి.

కొలతలూ కాలాలూ ప్రత్యేకంగా చూసుకోవాలి. నెల్లూరు మనిషి ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెబుతాడు, అఫిడవిట్‌లో చదరపు గజాలుంటాయి. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. రెండూ ఒకటేనని సాక్షికి ముందే తెలియకపోతే బోనులో గజాల ప్రశ్న వచ్చినప్పుడు బిత్తరపోతాడు. పెద్దవయసువారు సంవత్సరాన్ని అంకెల్లో గుర్తుపెట్టుకోరు, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు ముందో వెనకో అని చెబుతారు. ఆ జ్ఞాపకాన్ని కొట్టివేసి తేదీ బట్టీ పట్టించకండి. తుపాను లెక్కతో చెప్పిన సాక్ష్యం సహజంగా ఉంటుంది, బట్టీ పట్టిన తేదీ రెండో ప్రశ్నకే జారిపోతుంది.

జవాబులు నేర్పడం వేరు, బోనులో ఎలా నిలబడాలో చెప్పడం వేరు. మొదటిది వృత్తికి తగని పని. రెండోది మీ బాధ్యత: ప్రశ్న పూర్తిగా వినమనండి, అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పమనండి, గుర్తు లేకపోతే గుర్తు లేదనడం తప్పు కాదని ధైర్యం చెప్పండి, కోపం తెప్పించడానికే కొన్ని ప్రశ్నలు వస్తాయని హెచ్చరించండి. వీలైతే ముందే ఒకసారి ఖాళీగా ఉన్న కోర్టు హాలు చూపించండి; బోను ఎక్కడ, బెంచి గుమస్తా ఎవరు, వాంగ్మూలం ఎవరు రాసుకుంటారో తెలిసినవాడి గొంతు కొంత నిలకడగా ఉంటుంది.

బెంచి, ఎదుటి పక్షం

ఈ విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. కాల్ వర్క్ (ఆ రోజు కేసులను వరుసగా పిలవడం) జరిగే వేళ ఒక వాక్యంలో తేలే సంగతిని ఐదు వాక్యాలు చేయకండి, వాయిదా కావాలంటే నిజమైన కారణం చెప్పండి, మీకు వ్యతిరేకమైన తీర్పు ఉందని తెలిసినప్పుడు దాచకండి. ఎదుటి న్యాయవాదితో స్నేహంగా ఉండడం చూసి మీ కక్షిదారు అనుమానపడవచ్చు. అతనికి ముందే చెప్పండి, క్యాంటీనులో కలిసి టీ తాగేది వేరు, హాలులో వాదించేది వేరని. న్యాయవాది ఉన్న ఎదుటి కక్షిదారుతో కేసు గురించి నేరుగా మాట్లాడకూడదన్న నియమాన్ని చిన్న ఊళ్లలో బంధుత్వాల పేరిట మరచిపోతుంటాం. వరసకు బాబాయి అయినా సరే, "మీ లాయరు గారి ద్వారా మాట్లాడండి బాబాయ్" అనడమే పద్ధతి.

రాజీ

దావా వేయగానే రాజీ మాట ఎత్తితే, న్యాయవాది అవతలివాడికి అమ్ముడుపోయాడని కక్షిదారు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే దాన్ని మొదటి సమావేశంలోనే, ఇంకా ఏ పక్షమూ బిగుసుకోకముందే, ఒక దారిగా చెప్పి ఉంచండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి వెలువడే అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానమని, దానిమీద అప్పీలు లేదని, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుందని మూడూ చెప్పండి. అప్పీలు లేదన్న మాట వదిలేసి కోర్టు ఫీజు మాట మాత్రమే చెప్పడం మోసంతో సమానం. కక్షిదారు స్పష్టమైన అనుమతి లేకుండా న్యాయవాది అతని హక్కులు వదులుకునే మాట ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ గ్రూప్ హౌసింగ్ సొసైటీ కేసులో చెప్పింది కాబట్టి, షరతులు తెలుగులో రాసి అతని సంతకం తీసుకోకుండా ముందుకు వెళ్లకండి. అన్నదమ్ముల తగాదాల్లో షరతుల కన్నా మాట తీరు ఎక్కువ పని చేస్తుంది. ఎవరు ముందు తగ్గారన్న ప్రశ్న రాకుండా, ఇద్దరి తరఫు న్యాయవాదులూ ప్రతిపాదనను మధ్యవర్తి నోటి నుంచి వచ్చేలా చూసుకుంటే అభిమానాలు దెబ్బతినవు.

తీర్పు వచ్చిన తరువాత

న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న చెప్పినా, న్యాయవాదుల చట్టం 35వ సెక్షను కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే దారి తెరిచే ఉంది. కక్షిదారు ఆ దారి పట్టే సందర్భాల్లో తీర్పు తరువాతి నిర్లక్ష్యం ఒకటి. ఓడిన కక్షిదారుకు తీర్పు రోజునే ఫోను చేయండి, గుమస్తాతో చెప్పించకండి. మొదట అతడు అనేదంతా అననివ్వండి. తరువాత, సివిలు దావాలో జిల్లా కోర్టుకు అప్పీలు అయితే 30 రోజులు, హైకోర్టుకు అయితే 90 రోజులు గడువని, నకలు తీసుకోవడానికి పట్టిన కాలం అందులోంచి మినహాయింపు అవుతుందని చెప్పి, నకలుకు ఆ రోజే దరఖాస్తు పెట్టండి. అప్పీలుకు మరొక న్యాయవాదిని పెట్టుకుంటానంటే నొచ్చుకోకుండా ఫైలు అప్పగించండి. కోర్టు నుంచి తిరిగి వచ్చిన అసలు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పాత పన్ను రసీదులతో సహా ఒక్కొక్కటిగా జాబితా రాసి, ఆ జాబితా మీద కక్షిదారు సంతకం తీసుకొని ఫైలు మూయండి.